గొడవలొస్తే ఎంబసీ మనవాళ్లకి ఫోన్ చేస్తుందా? గుంటూరులో ఉన్న ఇంటివాళ్లు ముందుగా చేసి పెట్టుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: మాది గుంటూరు. తమ్ముడు కువైట్‌లో ఖాదిం వీసా (ఇంటి పనివాళ్లకి ఇచ్చే వీసా) మీద ఇంటి డ్రైవరు. పెద్దమ్మ కూతురు టెక్సస్‌లో ఎమ్మెస్ చదువుతోంది. అటువైపు ఏదైనా గొడవ మొదలైతే మన ప్రభుత్వం వాళ్లకి ఎలా చెబుతుంది, మాకు ఎలా తెలుస్తుంది, వాట్సాప్‌లో తిరిగే ఎంబసీ నోటీసులు నమ్మొచ్చా, ఇక్కడ ఉండి మేం ముందుగా చేసి పెట్టుకోగలిగింది ఏమన్నా ఉందా?

సూటిగా చెబుతాను. ఎంబసీ మీ తమ్ముడికి ఫోన్ చేయదండి. చేద్దామనుకున్నా ఆయన నంబరు వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు. ఎంబసీ చేసేది తన వెబ్‌సైట్‌లో, ఎక్స్‌లో, ఫేస్‌బుక్ పేజీలో ఒక ప్రకటన పెట్టడం. లక్షల మందికి కలిపి అదొక్కటే. ఫలానా మనిషి అని పేరు పట్టుకుని కదిలేది మూడు సందర్భాల్లో: ఆ మనిషి ముందే ఎంబసీలో నమోదై ఉంటే, ఆయన గానీ ఇంటివాళ్లు గానీ రాతపూర్వకంగా కేసు పెడితే, లేదా అక్కడి పోలీసులో ఆసుపత్రో కబురు పెడితే. మూడోది మన చేతిలో లేదు. మొదటి రెండూ పూర్తిగా మన చేతిలోనివే, గుంటూరు నుంచి కూడా చేయగలిగినవే.

నంబరు ఎందుకు ఉండదో ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామంది "ఎయిర్‌పోర్టులో అన్నీ రాసుకున్నారు కదా" అనుకుంటారు. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (బయటి దేశంలో పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) కింద వస్తుంది. అలాంటివాళ్లు కువైట్, సౌదీ, ఖతార్, యూఏఈ, ఒమన్, బహ్రెయిన్, మలేసియా లాంటి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అప్పుడు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో వాళ్ల యజమాని, జీతం, ఒప్పందం నమోదవుతాయి. పది పాసైన వాళ్లకి ఆ క్లియరెన్సే అక్కర్లేదు, కాబట్టి ఆ నమోదూ లేదు. ఇమిగ్రేషన్ ముద్ర వాళ్లు దేశం దాటారని మాత్రమే చెబుతుంది. దిగాక ఏ ఊళ్లో, ఏ ఇంట్లో, ఏ సిమ్‌తో ఉన్నారో ఢిల్లీకి తెలిసే దారి లేదు.

ఈ-మైగ్రేట్‌లో నమోదైన వాళ్లకీ ఒక చిక్కు ఉంది. అందులో ఇచ్చిన ఫోన్ నంబరు చాలాసార్లు ఇక్కడి సిమ్‌ది, లేదంటే ఏజెంటుది. కువైట్ వెళ్లిన కొన్ని నెలలకి రీచార్జి లేక ఇక్కడి సిమ్ ఆగిపోతుంది. తర్వాత ఆ నంబరు ఇంకెవరికో వెళ్తుంది. అవసరం పడ్డ రోజున ఎవరైనా దానికి ఫోన్ చేస్తే ఎత్తేది ముక్కూమొహం తెలియని మనిషి.

ఇంకో పాత చిరునామా పాస్‌పోర్టు చివరి పేజీలో ఉంటుంది. పాస్‌పోర్టు పదేళ్లది. తీసుకున్నప్పుడు కొరిటెపాడులో అద్దెకి ఉన్నారు, ఇప్పుడు పట్టాభిపురం మారారు. అక్కడ ఏదైనా ప్రమాదం జరిగి మనిషి మాట్లాడలేని స్థితిలో ఉంటే, ఇంటివాళ్లని వెతకడానికి ఎంబసీకి దొరికే మొదటి ఆధారం ఆ చివరి పేజీ. ఆ చిరునామా కలెక్టరేటుకో పోలీసులకో వస్తుంది, స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వెళ్తాడు, "వాళ్లు ఖాళీ చేసి ఏళ్లైంది" అని జవాబు వెళ్తుంది. ఇంటివాళ్లు దొరకడానికి అలా రోజులు గడిచిపోతాయి. రెన్యువల్‌కి వెళ్లినప్పుడు చిరునామా, పెళ్లయి ఉంటే భార్య పేరు తప్పకుండా మార్పించండి. "పాతదే ఉంచేద్దాం, వెరిఫికేషన్ తొందరగా అవుతుంది" అని చెప్పే మధ్యవర్తుల మాట వినొద్దు.

ఇక నమోదు. మీ తమ్ముడికి కువైట్‌లోని భారత ఎంబసీ ఒక్కటే. సౌదీ అయితే రెండు: రియాద్, దమ్మామ్ వైపు వాళ్లకి రియాద్ ఎంబసీ, జెద్దా, మక్కా, మదీనా, తబూక్, జిజాన్ వైపు వాళ్లకి జెద్దా కాన్సులేట్. యూఏఈలో అబుదాబి, అల్ ఐన్ వాళ్లకి ఎంబసీ, దుబాయ్, షార్జా, అజ్మాన్, ఫుజైరా లాంటి మిగతా ఎమిరేట్‌లకి దుబాయ్ కాన్సులేట్. టెక్సస్‌లో ఉన్న మీ చెల్లెలికి వాషింగ్టన్ ఎంబసీ కాదు, హ్యూస్టన్ కాన్సులేట్. ఆఫీసు తప్పితే ఉత్తరం అటూ ఇటూ తిరగడానికే రోజులు పోతాయి.

నమోదులో రాసేటప్పుడు పేరు కంటే పాస్‌పోర్టు నంబరు మీద ధ్యాస పెట్టండి. మన పేర్లతో ఇబ్బంది ఉంది. వెంకటేశ్వరరావు అనే పేరు ఒక పాస్‌పోర్టులో ఒకే మాట, ఇంకోదానిలో మూడు మాటలు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర, ఒకచోట పొడి అక్షరం. కువైట్ కార్డు మీద అది అరబీలోకి వెళ్లి మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి స్పెల్లింగే వేరు. పేరుతో వెతికితే మనిషి దొరకడు, నంబరుతో వెతికితే దొరుకుతాడు. ఫోన్ నంబరు అక్కడిది ఇవ్వాలి, వాట్సాప్ దాని మీదే ఉండాలి. ఇండియాలో ఇద్దరి నంబర్లు ఇవ్వండి. అందులో ఒకరు రాత్రి రెండింటికి మోగినా ఎత్తే మనిషై ఉండాలి. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మారినా, సిమ్ మారినా, ఇల్లు మారినా వివరాలు మళ్లీ సరిచేయాలి. నమోదు చేసినవాళ్లలో కూడా చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ఒక హెచ్చరిక. ముందే నమోదై ఉన్నాం కాబట్టి ఖాళీ చేయించే విమానంలో పేరు దానంతట అదే వస్తుందనుకోవద్దు. పెద్ద సంక్షోభం వచ్చినప్పుడు అప్పటికప్పుడు కొత్త ఫారం పెడతారు. 2020లో కోవిడ్ అప్పుడు నడిపిన వందేభారత్ విమానాలకి అలాగే చేశారు. 2022 మార్చి 6న కీవ్‌లోని మన ఎంబసీ, ఇంకా ఉక్రెయిన్‌లో మిగిలిపోయినవాళ్లంతా వెంటనే ఆన్‌లైన్ ఫారం నింపమంది. ఇప్పుడు ఎవరు, ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నారన్నది పాత జాబితా చెప్పలేదు. ఇలా ఇబ్బంది పడేది మన దేశం ఒక్కటే కాదు. బ్రిటన్ తన పౌరుల కోసం లొకేట్ అనే నమోదు పద్ధతి నడిపి, అందులో చేరేవాళ్లు మరీ తక్కువగా ఉండటంతో 2013లో మూసేసింది. అమెరికా మాత్రం స్టెప్ అనే పథకం కింద తన పౌరుల మెయిల్‌కి హెచ్చరికలు పంపుతూనే ఉంది.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ప్రకటన అందడం వేరు, దాన్ని చదవడం వేరు. ఎంబసీ రాసే ఇంగ్లీషు మెత్తగా ఉంటుంది. పరాయి దేశంలో ఉంటూ "ఈ దేశం ఇక సురక్షితం కాదు" అని గట్టిగా అనలేరు. అంటే ఆ దేశంతో సంబంధం దెబ్బతింటుంది, మనవాళ్లంతా ఒక్కసారి ఎయిర్‌పోర్టు మీద పడతారు. అందుకని మెట్టు మెట్టుగా మాట పెంచుతారు. ఏ మెట్టు మీద ఉన్నామో మనం పట్టుకోవాలి.

ఉక్రెయిన్‌నే చూడండి. 2022 ఫిబ్రవరి 15న వచ్చిన ప్రకటన సారాంశం: పరిస్థితి అనిశ్చితంగా ఉంది, ఉండాల్సిన అవసరం లేనివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్లే విషయం ఆలోచించుకోవచ్చు. "ఆలోచించుకోవచ్చు" అన్నారు, "వెళ్లండి" అనలేదు. మన పిల్లల్లో చాలామంది కాలేజీ ఆన్‌లైన్ క్లాసులకి ఒప్పుకుంటుందేమోనని, టికెట్ ధర దిగుతుందేమోనని ఆగారు. ఫిబ్రవరి 20న ఇంకాస్త గట్టిగా చెప్పారు. 24 తెల్లవారుజామున యుద్ధం మొదలైంది, విమానాలు ఆగిపోయాయి. మొదటి మెత్తటి మాటకీ ఆకాశం మూసుకుపోవడానికీ మధ్య ఉన్నది తొమ్మిది రోజులు. మార్చి 2న ఖార్కివ్‌లో ఉన్నవాళ్లకి ఇచ్చిన ప్రకటన ఎలా ఉందంటే: వెంటనే ఊరు వదలండి, పిసోచిన్, బబాయి, బెజ్లుదివ్కా అనే మూడు చోట్లకి చేరుకోండి, వాహనం దొరక్కపోతే నడిచి వెళ్లండి, సాయంత్రం ఆరింటిలోపు చేరాలి. దూరాలు కూడా రాశారు: 11, 12, 16 కిలోమీటర్లు. ఆ తర్వాత ఆపరేషన్ గంగలో 90 విమానాల్లో తీసుకొచ్చారు, సుమారు 22,500 మంది బయటపడ్డారు. ప్రభుత్వం చేసింది చిన్న పని కాదు. కానీ 15వ తేదీ మాటకి కదిలినవాళ్లు మామూలు విమానం ఎక్కి ఇంటికొచ్చారు, ఆగినవాళ్లు మంచులో సరిహద్దు దాకా వెళ్లాల్సి వచ్చింది.

కాబట్టి మెట్లు ఇలా గుర్తుపెట్టుకోండి. "అప్రమత్తంగా ఉండండి, అనవసర ప్రయాణాలు మానుకోండి" అంటే పాస్‌పోర్టు, బతాకా (కువైట్ గుర్తింపు కార్డు), కొంత నగదు ఒకచోట పెట్టుకోవాలి. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంటే అడిగి తీసుకునే సమయం అదే. "ఉండాల్సిన అవసరం లేనివాళ్లు వెళ్లే విషయం ఆలోచించండి" అంటే టికెట్ కొనాల్సిన రోజు. "అందుబాటులో ఉన్న విమానాల్లో వెళ్లండి" అనేసరికి ధర రెండు మూడు రెట్లు అవుతుంది. "వెంటనే" అన్నాక విమానాలు ఉండకపోవచ్చు. రెండో మెట్టు మీద కదలమనే నేను చెబుతాను. డబ్బు దండగ అయితే అవుతుంది, అది మళ్లీ సంపాదించుకోవచ్చు.

ఇంకో సంగతి, ఈ ప్రకటనలు ఎక్కువగా ఇంగ్లీషులో వస్తాయి. పదో తరగతి దాకా రాని డ్రైవరన్నకి, ఇంటిపని చేసే అక్కకి అవి వచ్చినా రానట్టే. అక్కడ గదిలో చదవగలిగిన ఒకడుంటే వాడు చెప్పిందే వేదం. మీ ఇంట్లో చదువుకున్న ఒకరికి ఈ పని అప్పగించండి: ఎంబసీ పేజీని వారానికోసారి, గొడవల రోజుల్లో పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి చూడటం, కొత్తది ఉంటే తెలుగులో ఒక నిమిషం వాయిస్ రికార్డు చేసి తమ్ముడికి పంపడం. వాయిస్‌లో మొదట తేదీ చెప్పాలి, తర్వాత ఏం చేయమన్నారో చెప్పాలి, ఎందుకన్నది చివర్లో. ఆ వాయిస్ ఆయన గదిలో ఉన్న మిగతావాళ్లకీ పనికొస్తుంది.

వాట్సాప్ నోటీసుల సంగతి. ఎంబసీ నోటీసు ఫోటో వస్తే మూడు చూడండి. ఒకటి, తేదీ. చాలా ఫార్వర్డులు అబద్ధాలు కావు, పాతవి. ఎప్పటిదో గడువు ఇప్పటిదనుకుని జనం పరిగెడతారు, లేదా గడువు ఇంకా ఉందనుకుని కూర్చుంటారు. రెండు, అదే నోటీసు ఎంబసీ వెబ్‌సైట్‌లో ఉందా? భారత ఎంబసీల వెబ్‌సైట్ చిరునామా చివర "డాట్ గవ్ డాట్ ఇన్" అని ఉంటుంది, అధికారిక మెయిళ్లు "ఎంఈఏ డాట్ గవ్ డాట్ ఇన్" నుంచి వస్తాయి. మామూలు మెయిల్ ఖాతా నుంచి ఎంబసీ పేరుతో వచ్చింది ఏదైనా సరే అనుమానించండి. మూడు, అందులో డబ్బు అడిగారా? ఖాళీ చేయించే విమానంలో సీటు ఇప్పిస్తామని, కేసు కొట్టేయిస్తామని ఎంబసీ ఎవరికీ ఫోన్ చేసి ఖాతా నంబరు ఇవ్వదు, ఓటీపీ అడగదు. యూఏఈలో అయితే అక్కడి మనవాళ్ల కోసం ఉన్న ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరే తెర మీద కనపడేలా మోసగాళ్లు ఫోన్లు చేశారని మన అధికారులే హెచ్చరించాల్సి వచ్చింది. తెర మీద కనపడే నంబరు చూసి నమ్మే రోజులు పోయాయి. ఫోన్ పెట్టేసి, వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి మీరే చేయండి.

పాత నంబర్ల జాబితాలు కూడా ఇంకా తిరుగుతున్నాయి. ప్రవాస భారతీయ వ్యవహారాలకని విడిగా ఉన్న మంత్రిత్వ శాఖని 2016లో విదేశాంగ శాఖలో కలిపేశారు. ఆ పాత శాఖ పేరుతో ఉన్న నంబర్లు ఎవరైనా పంపితే పక్కన పెట్టేయండి.

ఇప్పుడు కేసు పెట్టడం. జీతం ఇవ్వడం లేదు, పాస్‌పోర్టు ఇవ్వడం లేదు, మనిషి పది రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు, జైల్లో ఉన్నాడు, చనిపోయాడు. ఏదైనా సరే "మదద్" అనే పోర్టల్ ఉంది, విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టింది. బాధితుడే పెట్టాలని లేదు, ఇక్కడినుంచి అన్న, భార్య, తండ్రి ఎవరైనా పెట్టొచ్చు. ఖాతా తెరిచి, దేశం, ఎంబసీ ఎంచుకుని, సమస్య ఏ రకమో ఎంచుకుని, కాగితాలు జతచేసి పంపితే ఒక కేసు నంబరు వస్తుంది. తర్వాత ఎవరికి ఫోన్ చేసినా, ఎక్స్‌లో రాసినా, ఎంపీ గారి ఆఫీసుకి వెళ్లినా ఆ నంబరు ముందు చెప్పండి. నంబరు లేని ఫిర్యాదు ప్రతి బల్ల దగ్గరా మొదటినుంచి మొదలవుతుంది.

తప్పు ఎక్కువ జరిగేది రాయడంలో. మూడు పేజీల ఆవేదన రాస్తారు, పాస్‌పోర్టు నంబరు ఉండదు. బాధ అర్థం చేసుకోదగిందే, కానీ అవతల కూర్చున్న అధికారికి కఫీల్‌కి ఫోన్ చేయడానికి ఒక నంబరు కావాలి. ఇలా రాయండి, సులువైన ఇంగ్లీషులో, పది వరుసలు దాటకుండా:

పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టే. పాస్‌పోర్టు నంబరు. అక్కడి గుర్తింపు కార్డు నంబరు. వీసా రకం, మీ తమ్ముడికి ఖాదిం, అంటే ఆర్టికల్ 20. కఫీల్ పేరు, ఫోను. ఉంటున్న చోటు. ఆయన ఫోను. జరిగింది, తేదీలతో రెండు వాక్యాలు: "మార్చి నుంచి మూడు నెలల జీతం రాలేదు, మే 4 నుంచి ఫోన్ తీసేసుకున్నారు." కోరేది ఒక్క వాక్యం: "పాస్‌పోర్టు ఇప్పించి ఇంటికి పంపండి." చివర రాస్తున్నవాళ్ల పేరు, బంధుత్వం, ఫోను.

కోరేది ఒక్కటే ఉండాలి అని ఊరికే అనడం లేదు. "జీతం ఇప్పించండి, లేకపోతే వేరే కఫీల్ దగ్గర పెట్టించండి, లేకపోతే పంపించేయండి" అని రాస్తే ఆ మూడింటికీ అక్కడ వేర్వేరు ఆఫీసులు, ఏ దారిన వెళ్లాలో తేలక ఫైలు ఆగుతుంది.

కార్డు నంబరు రాసేటప్పుడు అంకెలు లెక్కపెట్టండి. కువైట్ సివిల్ ఐడీ, అదే మనవాళ్లు బతాకా అనేది, 12 అంకెలు. మొదటి అంకె తర్వాత వచ్చే ఆరు అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, తేదీ, కాబట్టి తప్పు పడితే మీకే తెలుస్తుంది. సౌదీ అకామా, అంటే నివాస అనుమతి కార్డు, 10 అంకెలు, విదేశీయులది 2తో మొదలవుతుంది. ఎమిరేట్స్ ఐడీ 15 అంకెలు, మొదట 784. ఖతార్ ఐడీ 11 అంకెలు.

ఉంటున్న చోటు అంటే "సాల్మియాలో పెద్ద మసీదు పక్కన" అని కాదు. కువైట్‌లో ప్రతి భవనానికీ పాసీ నంబరు ఉంటుంది, ఎనిమిది అంకెలు, గేటు దగ్గర చిన్న పలక మీద. ఖతార్‌లో నీలం పలక మీద జోన్, వీధి, భవనం నంబర్లు. దుబాయ్‌లో పది అంకెల మకానీ నంబరు. ఆ పలకని ఒక్క ఫోటో తీసి పంపమని ఇవాళే తమ్ముడికి చెప్పండి. ఫోన్ తీసేసుకున్నాక అడిగే వీలుండదు.

వారం రోజులు కూడా చూసుకోవాలి. కువైట్, సౌదీ, ఖతార్‌లలో సెలవు శుక్ర, శనివారాలు. మనకి శని, ఆది. గురువారం సాయంత్రం గుంటూరులో మొదలైన కేసుకి శుక్ర, శనివారాల్లో కువైట్ ఆఫీసు మూసి ఉంటుంది, ఆదివారం వాళ్లు తెరిస్తే ఢిల్లీ మూసి ఉంటుంది. ఇద్దరూ పనిలో ఉండేది సోమ నుంచి గురువారం దాకానే. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ప్రాణాపాయం అయితే ఇవేవీ చూడకుండా ఎంబసీ ఎమర్జెన్సీ నంబరుకి చేయండి, అంతకన్నా ముందు తమ్ముణ్ని అక్కడి 112కి చేయమనండి. ఎంబసీకి పోలీసులు లేరు, అంబులెన్సు లేదు.

రాష్ట్రం వైపు నుంచి మనకి దగ్గర్లో ఉన్నది ప్రవాసాంధ్రుల కోసం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ, తాడేపల్లిలో. 24 గంటల నంబరు 0863 2340678, వాట్సాప్ 85000 27678. వీళ్లు తెలుగులో మాట్లాడతారు, కాగితాలు సరిచూస్తారు, ఎంబసీకి రాస్తారు, ఆ దేశంలోని తెలుగు సంఘాల వాళ్లని కదిలిస్తారు. గది వెతికి పట్టుకుని వెళ్లి చూసి వచ్చేది చాలాసార్లు ఆ సంఘాల వాళ్లే. ఢిల్లీలో విదేశాంగ శాఖ ఉచిత నంబరు 1800 11 3090. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చినా మంచిదే, కానీ మదద్ కేసు నంబరు వేసిన అర్జీ ఇవ్వండి. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా రాయొద్దు. అదే కాగితం, అదే నంబరు, అదే కోరిక.

అరెస్టు విషయంలో ఒక నియమం మీ తమ్ముడికి కచ్చితంగా తెలియాలి. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, పట్టుబడ్డ విదేశీయుడు అడిగితే వాళ్ల కాన్సులేటుకి ఆలస్యం లేకుండా చెప్పాలి. అడిగితే. అడగకపోతే చెప్పాల్సిన పని ఆ అధికరణం పెట్టదు. భయపడి, "ఎంబసీకి తెలిస్తే పరువు పోతుంది" అనుకుని మాట్లాడనివాళ్లు వారాలు లోపలే ఉండిపోతారు. "సిఫారా హిందియా" అనే రెండు మాటలు, అంటే భారత ఎంబసీ, నోటికి రావాలి. తనకి చదవడం రాని కాగితం మీద సంతకం పెట్టకూడదు.

మీ చెల్లెలి విషయం వేరు. అమెరికాలో చట్టాలే సమాచారాన్ని ఆపుతాయి. ఆసుపత్రి వాళ్లు, రోగుల వివరాలు గోప్యంగా ఉంచమనే హిపా చట్టం వల్ల తల్లిదండ్రులకి కూడా వివరాలు చెప్పడానికి ఒప్పుకోకపోవచ్చు, యూనివర్సిటీ కూడా అంతే, విద్యార్థుల వివరాలు గోప్యంగా ఉంచమనే ఫెర్పా చట్టం వల్ల. జైల్లో ఉన్నవాళ్ల వివరాలు కూడా ఆ మనిషి సమ్మతి లేకపోతే చాలా దేశాలు మన కాన్సులేటుకే ఇవ్వవు. కాబట్టి ఆమె ఇప్పుడే రెండు ఫారాలు నింపి పెట్టుకోవాలి: ఆసుపత్రి వివరాలు ఎవరికి చెప్పొచ్చో తెలిపే సమ్మతి పత్రం, యూనివర్సిటీలో ఎమర్జెన్సీ కాంటాక్టు. అమెరికాలోనే ఉన్న ఒక నమ్మకమైన మనిషి పేరు మొదట, ఇంటివాళ్ల పేరు రెండోది. రూమ్‌మేట్‌కి మీ నంబరు ఇవ్వడం కూడా మరవొద్దు, మొదటి ఫోన్ చాలావరకు వాళ్ల దగ్గర్నుంచే వస్తుంది.

చెప్పడానికి మనసొప్పదు గానీ, మరణం గురించి కూడా తెలిసి ఉండాలి. ఇంటివాళ్ల సమ్మతి పత్రం, మరణ ధ్రువపత్రం, ఎంబాల్మింగ్ (దేహం పాడవకుండా చేసే పని) పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఎంబసీ నిరభ్యంతర పత్రం ఉంటేనే దేహం కదులుతుంది. ఇక్కడ దించడానికి కావాల్సిన ఆరోగ్యశాఖ అనుమతి 2023 నుంచి ఈ-కేర్ పోర్టల్‌లో ఇస్తున్నారు. ఆలస్యం ఎక్కువగా మొదటి కాగితం దగ్గరే జరుగుతుంది: ఎవరు సంతకం పెట్టాలో ఇంట్లో తేలదు. భార్య ఉంటే భార్యే. యజమాని ఖర్చు పెట్టుకోకపోతే, కుటుంబానికి స్తోమత లేకపోతే భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి పెట్టమని ఎంబసీని రాతపూర్వకంగా అడగొచ్చు. ఎయిర్‌పోర్టు నుంచి ఊరికి అంబులెన్సు ఏపీఎన్‌ఆర్‌టీ వాళ్లు ఉచితంగా ఏర్పాటు చేస్తారు, ముందుగా చెప్పాలి. మీ తమ్ముడు ఈసీఆర్ మీద వెళ్లి ఉంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉండి ఉంటుంది: రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375, ప్రమాదవశాత్తూ చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా పది లక్షలు. యజమాని మారినా అది చెల్లుతుంది, గడువు దాటితే చెల్లదు. ఆ పాలసీ కాగితం ఏజెంటు దగ్గర ఉండిపోయిందేమో చూడండి, తెప్పించుకుని ఇంట్లో పెట్టుకోండి.

చివరిది క్షమాభిక్ష, ఎందుకంటే ఖాదిం వీసా వాళ్లకి ఎక్కువ నష్టం జరిగేది దీని కబురు అందకే. అకామా గడువు దాటినవాళ్లకి కువైట్ అప్పుడప్పుడూ ఒక అవకాశం ఇస్తుంది. 2018లో జనవరి చివర మొదలుపెట్టి, గడువు పెంచి ఏప్రిల్ దాకా ఇచ్చింది. 2024లో మార్చి 17 నుంచి జూన్ 17 దాకా అని చెప్పి జూన్ 30 వరకు పెంచింది. రెండుసార్లూ పెంచారు కాబట్టి మూడోసారీ పెంచుతారని ఎదురుచూడకూడదు. ఈ ప్రకటన కువైట్ ప్రభుత్వానిది, మన ఎంబసీ దాన్ని తన పేజీలో పెట్టి, పాస్‌పోర్టు లేనివాళ్లకి ఔట్‌పాస్, అంటే ఇంటికి రావడానికి పనికొచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం, ఇస్తుంది. కఫీల్ చెప్పడు, ఏజెంటు చెబితే డబ్బు అడుగుతాడు. తమ్ముడి బతాకా రెండువైపులా ఫోటో తెప్పించి గడువు తేదీ చూడండి. దానికి మూడు నెలల ముందు మీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఆ రోజు "రెన్యువల్‌కి ఇచ్చాడా" అని కఫీల్‌ని అడగమని తమ్ముడికి చెప్పండి. ఫోటో వచ్చాక ఏదైనా అర్థం కాకపోతే నంబర్లు చెరిపేసి ఇక్కడే అడగండి, చూసి చెబుతాను.